నడుస్తోంది కదా అంటే చాలదు

"నడుస్తున్న బండిని కెలక్కూడదు. ఆగిన రోజున ఏ పార్టు సరిపోతే ఆ పార్టు వేసి పొలానికి పంపాలి. నలభై ఏళ్ల ట్రాక్టరుకు పుట్టుపూర్వోత్తరాలు ఎవడిక్కావాలి?" గన్నవరం నుంచి హనుమాన్ జంక్షన్ దాకా హైవే పక్కన షెడ్లలో, బెజవాడ ఆటోనగర్ వీధుల్లో, పాత ట్రాక్టర్ల విషయంలో అందరూ ఒప్పేసుకున్న సిద్ధాంతం ఇది. మెకానిక్ చెబుతాడు, పాత బండ్ల బేరగాడు చెబుతాడు, విని విని చివరికి సొంతదారుడూ అదే చెబుతాడు. ఈ సిద్ధాంతం తప్పు. ఇంజను లోపల ఇదివరకు ఏయే భాగాలు మార్చారో, ఎంత బోరు కోశారో, ఎక్కడ ఆకురాయి పెట్టారో కొలిచి తేల్చుకోనిదే పాత ట్రాక్టరుకు ఒక్క పార్టు కూడా కొనకూడదన్నది నా వాదన.

అవతలి పక్షాన ఉన్న న్యాయాన్ని ముందు చెప్పాలి. ఈ బండ్లు నిన్న మొన్నటివి కావు. 1963లో పుట్టిన ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ వారి బి-275, 1971లో పింజోరులో హెచ్ఎంటీ మొదలుపెట్టిన జెటార్ 2511, 1960లో మద్రాసులో ఆరంభమైన టాఫే వారి మాసీ ఫెర్గూసన్ 1035, ఇలాంటివి డెల్టాలో రెండు మూడు చేతులు మారి ఇంకా దున్నుతున్నాయి. హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే నిర్ణయించింది. కంపెనీ పార్టు అడిగితే దొరకని బండ్లు చాలా ఉన్నాయి. కొత్త ట్రాక్టరు కొనే స్తోమత కౌలు రైతుకు లేదు. దమ్ముల రోజుల్లో బండి ఆగితే రాత్రికి రాత్రి ఏదో ఒకటి అతికించి తెల్లారేసరికి చేలోకి దింపిన మెకానిక్‌ల పనితనం మీదే ఎన్నో కుటుంబాలు బతికాయి. ఇదంతా నిజం, ఆ పనితనం మీద నాకు గౌరవం ఉంది. అత్యవసరంలో చేసిన సర్దుబాటు ఇంజనులో ఏళ్ల తరబడి ఉండిపోవడం, దాని మీద మరొకరు మరో సర్దుబాటు చేయడం, ఏదీ ఎక్కడా రాసి ఉండకపోవడం, దీన్ని కూడా పనితనమే అని సమర్థించడం దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది.

1. "నడుస్తోంది కదా!"

డీజిల్ ఇంజనుకు ఓర్పు ఎక్కువ. గాలి గట్టిగా నొక్కుడుపడి, ఆ వేడిలో డీజిల్ చిమ్మితే చాలు, మండుతుంది. టైమింగు కాస్త అటూ ఇటూ అయినా, ఒక పిస్టన్ మిగతా వాటికన్నా బరువుగా ఉన్నా, నాజిల్ వేరే రకమైనా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి తిరగడం ఇంజను బాగుందనడానికి రుజువు కాదు.

పంపు సంగతే చూడండి. మాసీ బండ్లకు వచ్చే పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజన్ల మీద సాధారణంగా ఉండేది సీఏవీ వారి డీపీఏ రోటరీ పంపు. అది ఒక్కసారికి ఎంత డీజిల్ ఇవ్వాలో పంపు పక్కనున్న చిన్న మూత వెనక, లోపలి పలక సర్దుబాటులో ఉంటుంది. ఎక్కువలో ఎక్కువ ఎన్ని చుట్లు తిరగాలో బయటి స్క్రూ మీద ఉంటుంది. రెండింటినీ టెస్టు బల్ల మీద సరిచేసి, తీగ చుట్టి, సీసపు ముద్ర వేసి పంపిస్తారు. ఇప్పుడు మీ బండి దగ్గరికి వెళ్లి ఆ ముద్ర ఉందేమో చూడండి. ముద్ర లేకపోయినా, తీగ తెగి ఉన్నా, స్క్రూ తల మీద స్పానరు గీతలు మెరుస్తున్నా పంపును ఎవరో పెంచారని అనుమానించాలి. ఇంజను మార్పుల్లో పైసా ఖర్చు లేకుండా కనిపెట్టగలిగిన వాటిలో ఇదొకటి. దీన్ని కూడా చూడకుండానే బేరాలు జరిగిపోతున్నాయి.

పెంచిన పంపుతో రోటవేటరు కాస్త చురుగ్గా లాగుతుంది, ఒప్పుకుంటాను. సైలెన్సరు నుంచి లేచే నల్లపొగను చూసి బండికి బలం వచ్చిందని మురిసిపోతారు. ఆ నల్లపొగ పూర్తిగా మండకుండా పోతున్న డీజిల్, అంటే మీ డబ్బు. మండని డీజిల్ కొంత సిలిండరు గోడ మీది ఆయిలు పొరను కడిగేస్తూ కిందికి జారి సంపులో కలుస్తుంది. ఆయిలు పలచబడుతుంది, బేరింగులు అరుగుతాయి. పిస్టన్ తల మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది, రింగులు గాడిలో బిగుసుకుపోతాయి. నల్లరేగడి బురదలో ఇనుప చక్రాలతో దమ్ము చేసే బండి గంటల తరబడి పూర్తి లోడు మీద ఉంటుంది కాబట్టి ఈ నష్టం రోడ్డు మీద ట్రక్కు లాగే బండి కంటే ఇక్కడే త్వరగా బయటపడుతుంది. గవర్నరు చుట్లు కూడా పెంచి ఉంటే ప్రమాదం ఇంజనుతో ఆగదు. పీటీవో షాఫ్టుకు తగిలించే పనిముట్లలో చాలా భాగం నిమిషానికి 540 చుట్ల లెక్కన తయారైనవి. ఇంజను చుట్లు పెరిగితే పీటీవో చుట్లూ అదే దామాషాలో పెరుగుతాయి. నూర్పిడి యంత్రంలో పనలు పెట్టే మనిషి చేతికి అదెంత దగ్గరి ముప్పో వేరే చెప్పక్కర్లేదు.

థర్మోస్టాట్‌దీ ఇదే కథ. "మన ఎండలకు అది ఎందుకు" అని పీకి పారేయడం ఇక్కడ మామూలైపోయింది. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వు తెరుచుకున్నప్పుడే పక్కదారి మూసుకుంటుంది. వాల్వు తీసేస్తే నీళ్లలో కొంత రేడియేటరుకు పోకుండానే వేడివేడిగా తిరిగి ఇంజనుకు వస్తుంది. వేడి తగ్గాలని తీసినది లోడు మీద వేడిని పెంచుతుంది. మిగతా ఇంజన్లలో చాలాసేపు చల్లగానే నడిచి అరుగుదల పెరుగుతుంది. రెండు రకాల్లోనూ బండి "నడుస్తూనే" ఉంటుంది.

2. "సరిపోయిందే పార్టు"

ఈ సిద్ధాంతం మొత్తంలో ఎక్కువ కొంప ముంచే వాక్యం ఇది. బిగుసుకోవడం వేరు, సరిపోవడం వేరు.

ఒక బోల్టు ఉదాహరణ. బ్రిటిష్ సంతతి బండ్లలో అంగుళాల మరలు, జెటార్ సంతతి బండ్లలో మిల్లీమీటర్ల మరలు. అర అంగుళం బోల్టు తలకు ముప్పావు అంగుళం స్పానరు పడుతుంది, అంటే 19.05 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల బోల్టు తలకు 19 మిల్లీమీటర్ల స్పానరు. పెట్టెలోని ఒకే స్పానరు రెండింటికీ పడుతుంది. కానీ కాండం దగ్గర ఒకటి 12.7, రెండోది 12. తొందరలో ఉన్న మనిషి పెద్ద రంధ్రంలో చిన్న బోల్టు దూర్చి, స్పానరు పట్టింది కదా అని తిప్పుతాడు. మర అంచులు మాత్రమే పట్టుకుంటాయి. అది ఏ రక్షణ రేకుదో అయితే ఊడి పడుతుంది, అంతే. ఇంజను లోపలి బోల్టైతే బ్లాకే పోతుంది.

కిట్ల సంగతి చూద్దాం. కొట్టుకు వెళ్లి "మాసీ కిట్టు ఇవ్వండి" అంటారు. పెర్కిన్స్ మూడు సిలిండర్ల కుటుంబంలోనే 144 ఘనపుటంగుళాల ఇంజను ఒకటి, 152 ఘనపుటంగుళాలది ఒకటి ఉన్నాయి. రెండింటి స్ట్రోకూ 5 అంగుళాలే. బోరు మాత్రం ఒకదానిది 3.5 అంగుళాలు, రెండోదానిది 3.6. పైగా ఈ 152లో డీజిల్‌ను వేరే గదిలో చిమ్మే పాత రకం ఉంది, నేరుగా పిస్టన్ తలలోని గుంటలోకి చిమ్మే తర్వాతి రకం ఉంది. పిస్టన్ వేరు, హెడ్డు వేరు, నాజిల్ వేరు. ఏ ముక్కలు కొనాలన్నది బండి బానెట్ మీది పేరు చెప్పదు. బోరు గేజి, పిస్టన్ తల ఆకారం, నాజిల్ మీది కోడు, ఈ మూడూ చెబుతాయి.

అన్నిటికన్నా దారుణమైనది లైనరు దగ్గర జరిగేది. డ్రై లైనరు బ్లాకులోకి ఒత్తిడితో దిగుతుంది. బయటి గోడ బ్లాకును గట్టిగా హత్తుకుని ఉంటేనే వేడి నీళ్లకు చేరుతుంది. ఎప్పుడో ఒకసారి బ్లాకు రంధ్రం చెడిపోతే లేత్ షాపులో దాన్ని కొద్దిగా పెద్దది చేసి, బయటి కొలత పెంచిన లైనరు దింపుతారు. అందులో తప్పేమీ లేదు, బ్లాకును బతికించే పద్ధతి అదే. కానీ పైనుంచి చూస్తే తేడా అణువంత కూడా కనపడదు. లోపలి బోరు మామూలుదే, మామూలు పిస్టనే తిరుగుతుంది. పదేళ్లకు మరో షెడ్డులో ఇంజను విప్పుతారు. పాత లైనరు లాగేసి, కొలవకుండా, మామూలు కిట్టు తెచ్చి దింపుతారు. ఈసారి అది చేత్తో తోస్తేనే దిగిపోతుంది. "సులువుగా దిగింది" అని సంతోషిస్తారు. లైనరుకూ బ్లాకుకూ మధ్య సందు ఉంటుంది, వేడి దాటదు, లైనరు కదులుతుంది, కొత్త కిట్టు ఒక్క సీజనులో గీతలు పడుతుంది. నింద కిట్టు కంపెనీ మీదో, ఆయిలు మీదో పడుతుంది. ఇక్కడ మొదటి మెకానిక్ తప్పు చేయలేదు. రెండోవాడికి చేతకాక కాదు. మధ్యలో ఒక కాగితం లేదు, అంతే.

క్రాంకు దగ్గర ఇంకో దుర్మార్గం. బేరింగు వదులైతే కొత్త సైజు వేయడానికి బదులు రాడ్డు క్యాపు అంచును ఆకురాయితో రాసి బిగిస్తారు. లేదంటే బేరింగు వెనక రేకు ముక్క పెడతారు. ఆ రోజుకు చప్పుడు తగ్గుతుంది. రంధ్రం గుండ్రదనం పోయి కోలగా మారుతుంది. ఆ తర్వాత ఎన్ని కొత్త బేరింగులు వేసినా నిలవవు. బేరింగులు తీసేసి, క్యాపు సరైన బిగువుతో బిగించి, రంధ్రాన్ని రెండు వైపులా కొలిస్తే ఇది పది నిమిషాల్లో బయటపడుతుంది. ఆ పది నిమిషాలు ఎవరూ పెట్టరు.

3. "అసలుది ఏదో ఇప్పుడెవరికి తెలుసు?"

ఇంజనే చెబుతుంది, అడిగితే. బేరింగు పెంకు వెనక 010, 020, 030 అని గుద్ది ఉంటుంది. క్రాంకును ఎంత రుద్దారో ఆ అంకె చెబుతుంది. ఓవర్‌సైజు పిస్టన్ తల మీదా అలాగే ముద్ర ఉంటుంది. కనెక్టింగ్ రాడ్డు మీద, దాని క్యాపు మీద ఒకే అంకె ఉండాలి. రాడ్డు మీద 2, క్యాపు మీద 3 ఉంటే ఎవరో కలగాపులగం చేశారని అర్థం. బ్లాకు మీద పోతలో లేచిన అంకెలు, గుద్దిన ఇంజను నంబరు ఉంటాయి. పంపు ఫ్లాంజి మీద గీత టైమింగు కేసు మీది గీతతో కలవాలి. హెడ్డును ఎంత మేర ఫేసింగ్ చేశారో వాల్వుల లోతు, నాజిల్ కొన బయటికి వచ్చిన తీరు చెబుతాయి. బ్లాకు పైభాగం కోసి ఉంటే పిస్టన్ హెడ్డుకు దగ్గరవుతుంది. మెత్తని సీసపు తీగ పిస్టన్ మీద పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందం కొలిస్తే ఆ సందు ఎంతో తేలిపోతుంది.

పోల్చుకోవడానికి అసలు కొలతలు ఉన్నాయా అంటే, ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుంచి కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల సంస్థ పనిచేస్తోంది. ట్రాక్టర్లను పరీక్షించి బోరు, స్ట్రోకు, చుట్లు, డీజిల్ వాడకం, అరుగుదల అన్నీ నివేదికల్లో రాసే చోటు అది. ఆ కోవలోదే మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ ఒకటి ఉంది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం 1919లోనే చట్టం చేసి, విశ్వవిద్యాలయం పరీక్షించని ట్రాక్టరు మోడలును అమ్మనివ్వలేదు. కంపెనీలు చెప్పే హార్స్‌పవరు నమ్మి మోసపోయిన రైతుల గోడు నుంచే ఆ చట్టం పుట్టింది. వందేళ్ల కిందటే అక్కడి రైతు అంకె అడిగాడు. ఇక్కడ మనం మాత్రం మన బండి బోరెంతో మనకు తెలియకపోవడం సహజమని సర్దుకుపోతున్నాం.

"అనుభవమున్న మేస్త్రీకి గేజి ఎందుకు, చెవి చాలు" అంటారు. చెవి చాలా చెబుతుంది, కాదనను. ఏ సిలిండరు కొట్టుకుంటోందో మంచి మేస్త్రీ దూరం నుంచే చెప్పగలడు. కానీ క్రాంకు సైజుల మధ్య తేడా అంగుళంలో వందో వంతు, అంటే పావు మిల్లీమీటరు. బేరింగు సందు అంతకన్నా చాలా తక్కువ. అది ఏ చెవికీ, ఏ బొటనవేలికీ అందదు. మైక్రోమీటరు అడగడం మేస్త్రీని అవమానించడం కాదు. కంటి డాక్టరు దగ్గర అక్షరాల బోర్డు అడిగితే ఆయన నొచ్చుకుంటాడా?

4. "కంపెనీ పార్టు దొరకదు కదా!"

దొరకదు. నేను అడుగుతున్నది కంపెనీ పెట్టె కాదు, సరైన కొలత. ఈ రెండింటినీ కావాలని కలిపేసి మాట్లాడుతున్నారు. మార్పులన్నీ చెడ్డవని కూడా నేననను. డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టడం మంచి మార్పు. అయితే ఆనాటి కొన్ని బ్రిటిష్ బండ్లలో బ్యాటరీ ప్లస్ కొస బాడీకి ఉండేది. ఆ సంగతి చూడకుండా ఆల్టర్నేటరు తగిలిస్తే డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. బయటి కొలత పెంచిన లైనరు మంచిదే. క్రాంకును మూలల్లో గుండ్రదనం పోకుండా రుద్ది, తగిన సైజు బేరింగు వేయడం మంచిదే. ఆయిలు తొట్టె ఎయిర్‌క్లీనరు తీసేసి నూర్పిడి దుమ్ములో గుడ్డ చుట్టి నడపడం మాత్రం ఏ కాలంలోనూ మంచిది కాదు, ఆ దుమ్ము సిలిండరులో గరుకు కాగితంలా పనిచేస్తుంది. లెక్క తెలిసిన మార్పును ఉంచాలి, లెక్క తెలియని మార్పును తెలిసేదాకా వెతకాలి, చెడ్డదాన్ని తీసి సరైన కొలత ముక్క వేయాలి. దీనికి కంపెనీ బతికి ఉండనవసరం లేదు.

5. "పాత బండికి అంత ఖర్చు దేనికి?"

ఖర్చు కొలవడంలో లేదు, కొలవకపోవడంలో ఉంది. పెంచిన పంపు గంటకు అర లీటరు ఎక్కువ తాగిందనుకోండి. ఏడాదికి 400 గంటలు నడిచే బండికి అది 200 లీటర్ల డీజిల్. తప్పు కిట్టు వేసి ఒక్క సీజనులో మళ్లీ విప్పితే కిట్టు డబ్బు, గాస్కెట్ల డబ్బు, కూలి, అన్నీ రెండుసార్లు. ఇవి కూడా చిన్నవే. ఏలూరు కాలవకు, రైవస్ కాలవకు నీళ్లు వదిలాక దమ్ముకు దొరికే రోజులు కొద్ది. నారు ముదురుతుంటే, పక్క చేలల్లో నాట్లు పడుతుంటే, షెడ్డులో హెడ్డు విప్పి కూర్చున్న కౌలు రైతు అద్దె ట్రాక్టరుకు అడిగినంతా ఇస్తాడు. నష్టం దిగేది అతని నెత్తినే. పాత బండ్లు కొనేది ఎక్కువగా అతనే కాబట్టి, "నడుస్తోంది కదా" అన్న మాటను నమ్మి మూల్యం చెల్లించేదీ అతనే.

ఇంకొకటి, దీని గురించి బేరగాళ్లు నోరెత్తరు. బ్లాకు పోయిందని మరో బండి హాఫ్ ఇంజను తెచ్చి పెడితే ఇంజను నంబరు మారిపోతుంది. ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. తనిఖీలో నంబరు కలవకపోతే, ప్రమాదం జరిగి బీమా అడిగినప్పుడు నంబరు కలవకపోతే, జవాబు చెప్పాల్సింది ఆ ఇంజను బిగించినవాడు కాదు, ఆర్సీలో పేరున్న రైతు.

కాబట్టి పాత బండి కొనేవారికి, ఓవర్‌హాలింగ్‌కు ఇచ్చేవారికి ఒక్కటే చెబుతున్నాను. ఇంజను విప్పిన రోజున దగ్గరుండండి. బోరు ఎంత, లైనరు బయటి కొలత ఎంత, క్రాంకు ఏ సైజులో ఉంది, నాజిల్ కోడు ఏమిటి, పంపు ముద్ర ఉందా లేదా, బ్లాకు మీది నంబరు ఆర్సీతో కలిసిందా, ఇవి తేదీతో సహా ఒక కాగితం మీద రాయించి, మెకానిక్ సంతకం తీసుకుని, ఆర్సీతో పాటు దాచండి. గేజి లేని షెడ్డైతే లేత్ షాపుకు పంపి కొలిపించండి. బండి అమ్మితే ఆ కాగితం కూడా కొన్నవారికి ఇవ్వండి. మెకానిక్ సోదరులూ, మీరు చేసిన మంచి పని పదేళ్ల తర్వాత మరొకరి చేతిలో పాడుకాకుండా ఉండాలంటే రాసి ఇవ్వడం ఈ వేసవి నుంచే మొదలుపెట్టండి. ఆ కాగితం చూపించలేని బండికి, "నడుస్తోంది కదా" అని ఎవరెంత నచ్చజెప్పినా బయానా ఇవ్వకండి.